ఐజీఎమ్ వెల్స్ ఎందుకు నీలం తిరిగాయి?

మనిషి సీరంలో ఐజీజీ అనే యాంటీబాడీ కోసం ఎలైజా (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో, అంటే వెల్స్‌లో, రంగు మార్పును బట్టి చూసే పరీక్ష) పెట్టాను. నెగటివ్ కంట్రోల్‌గా, అంటే రంగు రాకూడని పోలికగా, శుద్ధమైన ఐజీఎమ్ (ఇంకో రకం యాంటీబాడీ) వేసిన వెల్స్ కూడా నీలం తిరిగాయి! వాషింగ్ చాల్లేదేమోనని మూడుసార్లకు బదులు ఐదుసార్లు కడిగాను, బ్లాకింగ్ (వెల్‌లో ఖాళీ చోట్ల యాంటీబాడీ అంటుకోకుండా కప్పడం) మార్చాను. రెండు రోజులు పోయాయి, టెన్షన్ మిగిలింది. నమూనా ఏదీ వేయని బ్లాంక్ వెల్స్ మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. తప్పు వాషింగ్‌దో బ్లాకింగ్‌దో అయితే అవీ నీలం తిరగాలి. అసలు అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

చివరికి సెకండరీ యాంటీబాడీ (ఐజీజీని పట్టుకుని రంగు తెప్పించేది) సీసా మీది లేబుల్ చదివాను: ‘హెచ్ ప్లస్ ఎల్’. అంటే యాంటీబాడీలోని హెవీ చెయిన్‌తో పాటు లైట్ చెయిన్‌నూ పట్టుకునే రకం. కప్పా, లాంబ్డా లైట్ చెయిన్లు ఐజీజీలోనూ ఐజీఎమ్‌లోనూ అవే కదా! ఐజీజీ హెవీ చెయిన్ అయిన గామా చెయిన్‌కే అంటుకునే యాంటీబాడీ తెప్పించి, 1:5000 నుంచి మొదలుపెట్టి డైల్యూషన్ మళ్లీ చూసుకున్నాను. ఈసారి ఐజీఎమ్ వెల్స్‌లో రంగు రాలేదు.

అన్నట్టు, బఫర్‌లో సోడియం అజైడ్ (పాడవకుండా కలిపేది) ఉంటే, రంగు తెప్పించే ఎంజైమ్ హెచ్‌ఆర్‌పీ పనిచేయదు. అది ఇంకో రోజు పోగొట్టుకుని నేర్చుకున్నాను.