బాక్సింగ్ ప్రింట్ కొనేముందు, అమ్మేముందు ఇవి చూస్కోండి

అమెరికన్ చిత్రకారుడు జార్జ్ బెలోస్ బాక్సింగ్ లిథోగ్రాఫ్ (రాయి మీద బొమ్మ గీసి కాగితం మీదికి అచ్చు తీసిన ప్రింట్) అని ఎవరైనా చూపిస్తే వెంటనే డబ్బులు తీయకండి, ముందు ఓ భూతద్దం తీయండి. చుక్కలు వరస తప్పకుండా గళ్ళలా కనిపిస్తే అది ప్రెస్సులో కొట్టిన కాపీ, పాత పుస్తకంలోంచి కోసిన పేజీ కూడా అవ్వొచ్చు. అసలుదైతే రాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసిన గరుకు మచ్చలు అడ్డదిడ్డంగా ఉంటాయి.

న్యూయార్క్‌లోని షార్కీస్ క్లబ్‌లో జరిగే ఫైట్ మీద బెలోస్ వేసిన పెయింటింగ్ 1909ది, క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది, అదే బొమ్మని లిథోగ్రాఫ్ చేసింది 1917లో, కాబట్టి ప్రింట్‌కి 1909 అని చెప్పేవాడిని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.

- సంతకం పెన్సిల్‌తో పెట్టిందేనా? బెలోస్ 1925లో పోయాక కొన్నిటి మీద భార్య ఎమ్మా ఆయన తరఫున పెట్టింది, అది దొంగదేం కాదు గానీ రేటు మాత్రం తేడా.
- ఫ్రేమ్ విప్పించండి. నేనోసారి అద్దం మీంచే చూసి కొనేశా, ఇంటికొచ్చి విప్పితే మార్జిన్లు కత్తిరించి వెనకాల అట్టకి గమ్ముతో అతికించేశారు, ఏం చేస్తాం.
- చిరిగిన చోట సెల్లోటేప్ వద్దు, అస్సలొద్దు.
- అమ్మి పంపేటప్పుడు ప్రింట్‌ని గొట్టంలా చుట్టకండి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ముందూ వెనకా ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ చేయించాకే పార్సిల్ ఇవ్వండి.