బీజగణితం ఇంట్లోనే – 9వ పాఠం: బీజీయ సమాసాల క.సా.గు.

గత పాఠంలో కారణాంక విభజన నేర్చుకున్నాం. అది చేతికి రాకపోతే ఈ పాఠం ముందుకు సాగదు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం)లో కష్టమంతా కారణాంకాలు రాబట్టడంలోనే ఉంది, మిగిలింది ఏరుకోవడమే. ఇక్కడ చలరాశులకు య, ర, ల అక్షరాలు వాడుతున్నాం.

ఏకపదుల పని త్వరగా తేలిపోతుంది. 12య³ర, 18యర⁴ల తీసుకోండి. 12, 18 సంఖ్యల క.సా.గు. 36. ప్రతి అక్షరానికీ కనిపించిన ఘాతాంకాల్లో పెద్దదాన్ని తీసుకోండి: య³, ర⁴, ల. జవాబు 36య³ర⁴ల. ఘాతాంకాలను కూడితే 36య⁴ర⁵ల వస్తుంది. అదీ సామాన్య గుణిజమే, కానీ కనిష్ఠం కాదు.

ఇక బహుపదులు. య² − 9, య² − 6య + 9, 2య + 6 – ఈ మూడింటి క.సా.గు. కావాలి. ముందుగా విడగొట్టండి:

య² − 9 = (య + 3)(య − 3)
య² − 6య + 9 = (య − 3)²
2య + 6 = 2(య + 3)

వేర్వేరు కారణాంకాలు మూడు: 2, (య + 3), (య − 3). వీటిలో (య − 3) ఒకచోట వర్గంగా ఉంది కాబట్టి వర్గాన్నే తీసుకోవాలి. (య + 3) రెండు చోట్ల ఉన్నా ఒక్కసారి చాలు. జవాబు 2(య + 3)(య − 3)². దీన్ని విస్తరించకండి. భిన్నాల హారంగా వాడేటప్పుడు కారణాంకాల రూపమే అక్కరకొస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు య² − 9లోని య²ను కారణాంకంగా లెక్కేయడం. అది పదం మాత్రమే. కూడికతోనో తీసివేతతోనో కలిసి ఉన్నవి పదాలు, గుణకారంతో కలిసి ఉన్నవి కారణాంకాలు.

సరిచూసుకోవడానికి జవాబును మూడింటితోనూ భాగించండి. భాగఫలాలు వరుసగా 2(య − 3), 2(య + 3), (య − 3)². శేషం ఎక్కడా లేదు కాబట్టి ఇది సామాన్య గుణిజం. మూడు భాగఫలాలకూ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి కనిష్ఠం. రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు, నిజానికి అసలు పరీక్ష అదే.

య = 5 అని ప్రతిక్షేపించి చూసేవారికి ఒక అనుమానం రావచ్చు. మూడు సమాసాల విలువలు 16, 4, 16, వీటి క.సా.గు. 16. మన జవాబు విలువ మాత్రం 64! లెక్క తప్పలేదు. య = 5 అయినప్పుడు య + 3 = 8, య − 3 = 2; ఈ రెండింటికీ 2 ఉమ్మడి కావడం మనం ఎంచుకున్న విలువ వల్ల వచ్చిందే, బహుపదులుగా వాటికి ఉమ్మడి కారణాంకం లేదు. బహుపదుల్లో ‘కనిష్ఠం’ అంటే పరిమాణం (చలరాశి అత్యధిక ఘాతాంకం) తక్కువ అని, విలువ తక్కువ అని కాదు.

గుర్తుల దగ్గర ఇంకో గుంట ఉంది. య² − 3య, 9 − య² చూడండి. రెండోదాన్ని (3 + య)(3 − య)గా విడగొట్టి, (య − 3), (3 − య)లను వేర్వేరనుకుంటే జవాబులో ఒక కారణాంకం అదనంగా చేరుతుంది. 3 − య = −(య − 3). రుణ గుర్తును బయటికి తీస్తే క.సా.గు. య(య + 3)(య − 3).

కారణాంకాలు కంటికి ఆనకపోతే?

య³ − 2య² − 5య + 6
య³ − 4య² + య + 6

మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేస్తే 2య² − 6య, అంటే 2య(య − 3). రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఏదున్నా ఈ తేడానూ భాగించి తీరాలి. స్థిరపదం 6 ఉంది కాబట్టి య కుదరదు. య = 3 పెడితే రెండూ సున్నా అవుతాయి. కాబట్టి గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం, (య − 3). రెండు సమాసాలకు గ.సా.భా. × క.సా.గు. = వాటి లబ్ధం కనుక, మొదటిదాన్ని (య − 3)తో భాగించి, వచ్చిన య² + య − 2తో రెండోదాన్ని గుణిస్తే చాలు:

(య² + య − 2)(య³ − 4య² + య + 6)

మూడు సమాసాలున్నప్పుడు ఈ సూత్రాన్ని నమ్మకండి. యర, రల, లయ అనే మూడింటి గ.సా.భా. 1, క.సా.గు. యరల, లబ్ధమేమో య²ర²ల². అలాంటప్పుడు ముందు రెండింటి క.సా.గు. కట్టి, దానికీ మూడోదానికీ మళ్లీ కట్టండి.

అభ్యాసం:
1. 8య²ర, 20యర³
2. య² + 5య + 6, య² − 4
3. య³ − 8, 4 − 2య

జవాబులు: 40య²ర³, (య + 2)(య + 3)(య − 2), 2(య³ − 8). మూడోది తేడా వస్తే గుర్తుల భాగం మళ్లీ చదవండి. 10వ పాఠంలో ఈ క.సా.గు.ను హారంగా పెట్టి బీజీయ భిన్నాలను కూడుదాం.