కీబోర్డు చప్పుడు ఒక్కో మైకులో ఒక్కోలా వస్తోందా? తప్పెక్కడుందో పట్టుకోవడం ఎలా

మా ఇంట్లో నేలంతా కడప బండలే. ఎర్రముక్కపల్లిలో పాత ఇల్లు. పైన స్లాబు, నాలుగు వైపులా ఉత్త గోడలు. ఆ గదిలో రెండు మెకానికల్ కీబోర్డులు (ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్ ఉండేవి), నాలుగు మైకులు పెట్టుకుని, ఏ మైకులో ఏ కీబోర్డు ఎలా వినిపిస్తుందో తేల్చేద్దామని కూర్చున్నాను. మొదటి రోజు రికార్డింగు మా తమ్ముడికి వినిపిస్తే, "అన్నా, టైపు చేస్తాండావా, శెనక్కాయలు వలుస్తాండావా?" అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. నొక్కినప్పుడల్లా టిక్కుమనే బ్లూ స్విచ్ కీబోర్డు అందులో అచ్చం అలాగే ఉంది.

ఆ తర్వాత నెల రోజులు పడిన తిప్పలే ఇవన్నీ. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వెతికే వరుస ముఖ్యం. అసలు ఏ మైకు పనిచేస్తోందో ముందు చూడండి. తర్వాత సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత లెవెల్, దూరం, గది. కీబోర్డును అనుమానించడం ఆఖర్న. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి, మొదటి రోజే స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు.

సమస్య: మైకు మార్చినా చప్పుడు మారలేదు

రెండు మైకుల్లోనూ ఒకేలా వస్తోందంటే సంబరపడకండి. రెండుసార్లూ ల్యాప్‌టాప్ సొంత మైకే రికార్డు చేసి ఉంటుంది. కొత్త మైకు తగిలించినంత మాత్రాన ప్రోగ్రాం దానికి మారాలని రూలేం లేదు.

తేల్చుకోవడం తేలిక. రికార్డు నొక్కి, మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీకండి. బరబరమని పెద్దగా వస్తే అది పనిచేస్తున్నట్టు. ఎక్కడో దూరంగా వినిపిస్తే పనిచేసేది వేరే మైకు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ దగ్గర దాని పేరు ఎంచుకోండి, రికార్డింగ్ ప్రోగ్రాంలో కూడా విడిగా ఎంచుకోండి.

ఫోనుకు కాలర్ మైకు తగిలించేవాళ్లు పిన్ను చూడండి. పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉంటే అది కెమెరాలకు చేసింది. ఫోను దాన్ని మైకుగా గుర్తించక తన మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది. మూడు గీతలున్న పిన్ను కావాలి, లేదా మధ్యలో అడాప్టర్ పెట్టాలి. నేను ఇక్కడే రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. పైగా "కాలర్ మైకుకీ ఫోను మైకుకీ తేడా లేదు" అని నలుగురికి చెప్పాను కూడా.

కండెన్సర్ మైకులో (స్టూడియోల్లో ఎక్కువగా వాడే రకం) అసలు చప్పుడే రాకపోతే ఇంటర్‌ఫేస్ మీద, అంటే మైకును కంప్యూటరుకు కలిపే డబ్బా మీద, మైకుకు కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ నొక్కారో లేదో చూడండి.

సమస్య: కొన్ని కీలు వినిపిస్తున్నాయి, కొన్ని మాయం

ఇది నాయిస్ సప్రెషన్ పని. కాల్స్ కోసం చేసిన ఆప్‌లకు మనిషి గొంతు కావాలి, కీబోర్డు చప్పుడు అక్కర్లేదు. దాన్ని తీసెయ్యడమే వాటి ఉద్యోగం. మనం వినాలనుకునేదే వాటి లెక్కలో చెత్త. అందుకే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో పంపిన రికార్డింగు విని ఏ కీబోర్డునీ అంచనా వెయ్యకండి. ఫైలుగా, డాక్యుమెంట్ కింద పంపించుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ లాంటి మామూలు రికార్డర్ వాడండి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైకు పేరు మీద నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, ఆపేయండి. జూమ్‌లోనే రికార్డు చెయ్యాల్సి వస్తే "ఒరిజినల్ సౌండ్" ఆన్ చెయ్యండి. ఐఫోన్లో వాయిస్ ఐసొలేషన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

దీనికి చుట్టం ఇంకొకటుంది. మొదటి కీ గట్టిగా కొట్టుకుని, తర్వాతివి మెల్లగా వచ్చి, టైపింగ్ ఆగగానే ఫ్యాను శబ్దం అలలా పైకి లేస్తే అది ఆటోమేటిక్ గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదును తనంతట తానే సర్దే ఏర్పాటు. చప్పుడు పెరిగితే తగ్గిస్తుంది, నిశ్శబ్దమైతే పెంచుతుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు మెత్తటి రెడ్ స్విచ్, టకటకలాడే బ్లూ స్విచ్ దాదాపు ఒకే మోతాదులో వినిపిస్తాయి. పోలికకు అర్థమే ఉండదు.

సమస్య: అంతా టెలిఫోన్లో విన్నట్టుంది

బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు వాడుతున్నారు కదూ? మైకు పనిచేస్తున్నప్పుడు బ్లూటూత్ మామూలుగా కాల్ పద్ధతికి మారిపోతుంది. అక్కడ శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందో ఆ లెక్క, 8,000 లేదా 16,000. అందులో సగం వరకే శబ్దం పడుతుంది, అంటే 4,000 లేదా 8,000 హెర్ట్జ్. క్లిక్ స్విచ్‌లోని చురుకు ఆ పైన కూడా ఉంటుంది. పరిష్కారం ఏముంది, తీగ ఉన్న మైకు పెట్టుకోవడమే. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో వినేటప్పుడు కూడా రికార్డింగ్ ఆప్ మూసేసి వినండి, లేకపోతే బాగా వచ్చిన ఫైలు కూడా నాసిగానే వినిపిస్తుంది.

సమస్య: స్పేస్ బార్ దగ్గర పగిలినట్టు వస్తోంది

గెయిన్ ఎక్కువైంది. మామూలు అక్షరాలు కొట్టి లెవెల్ పెట్టుకుంటే స్పేస్, ఎంటర్ దగ్గర దాటిపోతుంది. వాటినే గట్టిగా కొడుతూ, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి.

సమస్య: ఎంటర్ చెవి పక్కన, ఎస్కేప్ పక్క వీధిలో

మైకు మరీ దగ్గరుంది. నంబర్ ప్యాడ్ ఉన్న పూర్తి కీబోర్డు వెడల్పు సుమారు 44 సెం.మీ. మైకును నడిమధ్యన, కీలకు 10 సెం.మీ. పైన పెట్టారనుకోండి. కింద ఉన్న కీ 10 సెం.మీ. దూరంలో ఉంటే, అంచునున్న కీ 24 సెం.మీ. దూరంలో ఉంటుంది. ఆ దూరానికే చప్పుడు 7, 8 డెసిబెల్స్ పడిపోతుంది. మైకును ఏ ఎంటర్ కీ పక్కనో పెడితే ఎడమ వైపు సంగతి చెప్పక్కర్లేదు. అదే 30 సెం.మీ. ఎత్తుకు తీసుకెళ్తే మధ్యకీ అంచుకీ తేడా 2 డెసిబెల్స్ లోపే. 40కి వెళ్తే 1 డెసిబెల్ చిల్లర. మరి ఇంకా పైకి ఎందుకు పోకూడదంటే, దూరం పెరిగేకొద్దీ కీబోర్డు తగ్గి గదీ ఫ్యానూ పెరుగుతాయి. నేను 30 దగ్గర ఆగిపోయాను. అంగుళాల స్కేలు ఒకటి టేబులు మీదే ఉంచుకుని, మైకు మార్చిన ప్రతిసారీ 12 అంగుళాలు కొలుస్తాను. కళ్లతో అంచనా వేస్తే కుదరదు.

దూరంలో ఇంకో కిటుకుంది. ఒక దిక్కునే వినే కార్డియాయిడ్ మైకులు మరీ దగ్గరకు వచ్చినకొద్దీ బేస్ పెంచేస్తాయి. రేడియో గొంతులకు ఆ గాంభీర్యం అలాగే వస్తుంది. కీబోర్డు మీదకు అలాంటి మైకును ఆనించినట్టు పెడితే డొల్ల ప్లాస్టిక్ బాడీ కూడా లోతుగా "థక్ థక్" అంటుంది. వీడియోలో విన్న ఆ లోతు ఇంటికొచ్చిన కీబోర్డులో లేదని బాధపడేవాళ్లు, ముందు ఆ వీడియోలో మైకు ఎక్కడుందో చూడాలి. అన్ని దిక్కులా వినే ఓమ్ని మైకులకు ఈ గుణం లేదు. కాలర్ మైకులు చాలావరకు ఆ జాతివే.

దిక్కు కూడా చూసుకోండి. బ్లూ యెతీ లాంటి నిలువు మైకులు పక్క నుంచి వింటాయి, నెత్తి మీద నుంచి కాదు. దాని తలను కీబోర్డు వైపు వంచి పెడితే శబ్దం మందంగా, మూతేసినట్టు వస్తుంది. లోగో ఉన్న ముఖం కీల వైపు తిప్పండి. నాలుగు రకాలుగా వినే నాబ్ ఉంటే కార్డియాయిడ్ గుర్తు మీద పెట్టండి.

సమస్య: ఒక మైకులో చెవులు గీకుతోంది, ఇంకోదాంట్లో చప్పగా ఉంది

పైవన్నీ సరిచేశాక కూడా ఇలా ఉంటే, శుభం. మీరు వెతుకుతున్న తేడా ఇదే. దీన్ని బాగుచెయ్యకండి, వినండి.

కండెన్సర్ మైకులో పలచటి పొర ఒక్కటే కదులుతుంది. బరువుండదు కాబట్టి చటుక్కున వచ్చి పోయే శబ్దాన్ని వెంటనే పట్టుకుంటుంది. డైనమిక్ మైకులో పొరకు తీగచుట్ట అతికించి ఉంటుంది, ఆ బరువును కూడా కదపాలి. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గాయకుల చేతిలో కనిపించే షూర్ ఎస్ఎమ్58 ఈ రకమే. దాని పరిధి 50 నుంచి 15,000 హెర్ట్జ్ అని కంపెనీ చెబుతుంది.

చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్ తీసుకోండి. కీ మొత్తం 4 మి.మీ. దిగుతుంది. 2.2 మి.మీ. దగ్గరకొచ్చేసరికి లోపలి చిన్న ప్లాస్టిక్ తొడుగు జారి "టిక్" అంటుంది. తర్వాత కీ అడుగుకు తగిలి "టక్". వేలు తీస్తే పైకి లేచి ఇంకో చిన్న చప్పుడు. వేవ్‌ఫామ్‌ను (శబ్దం గీతగా కనిపించే బొమ్మను) బాగా పెద్దది చేసి చూశాను. కండెన్సర్ రికార్డింగులో మొదటి "టిక్" సూదిలా విడిగా నిలబడింది. డైనమిక్‌లో ఆ సూది మొన మొద్దుబారి, వెనకున్న "టక్"లో సగం కలిసిపోయింది. రెడ్ స్విచ్‌లో ఆ సూదే లేదు కాబట్టి రెండు మైకులూ దగ్గరదగ్గరగా వచ్చాయి. అందుకే మైకుల తేడా తెలియాలంటే రెడ్ కంటే బ్లూ కొట్టి చూడటం మేలని నా అభిప్రాయం.

డైనమిక్‌లో "స్స్స్" అని వెనకాల సన్నగా వస్తే మైకు చెడిపోయిందనుకోకండి. దానికి గెయిన్ ఎక్కువ కావాలి. నోటి దగ్గర మాట కంటే 30 సెం.మీ. దూరంలోని కీబోర్డు చాలా చిన్న చప్పుడు. గెయిన్ చివరికంటా తిప్పితే ఇంటర్‌ఫేస్ సొంత రొద బయటపడుతుంది. ఈ ఒక్క మైకును 15 సెం.మీ. దగ్గరకు తేవచ్చు, కానీ ఆ సంగతి ఫైలు పేరులోనే రాసుకోండి.

సమస్య: బావిలో టైపు చేసినట్టుంది

మా ఇంటి జబ్బు ఇదే. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొడితే బండలకూ స్లాబుకూ మధ్య "ర్ర్ర్" అని తిరిగింది. కీబోర్డు ఒక్క కీ చప్పుడు చేస్తే మైకుకు నాలుగైదు కాపీలు అందుతున్నాయి. గోడకు తగిలి వచ్చిన కాపీ నేరుగా వచ్చినదానికంటే 34 సెం.మీ. ఎక్కువ తిరిగిందనుకుంటే, 500 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ డొల్లతనం అక్కడ పుడుతుంది. తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్ తెర కూడా చిన్న గోడే.

ఫోమ్ షీట్లు ఆర్డర్ పెట్టబోతుంటే మా అమ్మ, "బొంతలుండాయి కదరా" అంది. పాత చీరలతో కుట్టిన రెండు బొంతలు, ఒకటి టేబుల్ వెనక తాడు మీద వేలాడదీశాను, ఒకటి కింద బండల మీద పరిచాను. మళ్లీ చప్పట్లు కొడితే ఆ "ర్ర్ర్" పోయింది. బొంతలు లేకపోతే పరుపు, బట్టలు ఉన్న పడకగదిలో రికార్డు చేసుకోండి. హాలు మాత్రం వద్దు.

బొంతను కీబోర్డు కింద మాత్రం వెయ్యకండి. కీబోర్డు కింద ఏముందో అది కూడా చప్పుడులో భాగమే. గోడలోని బండ గూటి మీద పెట్టి కొడితే బల్ల డొల్ల శబ్దం పోయి "టిక్" మిగిలింది, పల్చటి ప్లైవుడ్ బల్ల మీద అదే కీబోర్డు డప్పులా మోగింది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే ఉంచండి.

సమస్య: అడుగున "డబ్ డబ్" లేదా "గుంయ్"

"డబ్ డబ్" గాలిలో రావట్లేదు, బల్లలోంచి స్టాండులోకి ఎక్కుతోంది. స్టాండును వేరే స్టూలు మీదకు మార్చండి. కుదరకపోతే దాని కింద తువ్వాలు నాలుగు మడతలేసి పెట్టండి. 80 హెర్ట్జ్ కింది శబ్దాలను కోసేసే లో కట్ ఫిల్టర్ వేస్తే అన్ని మైకులకూ వెయ్యండి, ఒక్కదానికి వేసి పోల్చకండి.

"గుంయ్" కరెంటుది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చెయ్యండి. పోయిందంటే ఎర్తింగ్ సమస్య. సరైన ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ చూసుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఇంకా పెరగొచ్చు, వచ్చేదాకా ఆగండి. ఫ్యాన్ ఆపక తప్పదు. మే నెలలో కడపలో ఫ్యాన్ ఆపి కూర్చోమనడం పాపమే, అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఒక్కో రికార్డింగు రెండు నిమిషాలకు మించకుండా ముగించాను.

సమస్య: ఎప్పుడు విన్నా ఖరీదైన మైకే బాగుంది

ఎక్కువ చప్పుడు వచ్చినదాన్ని చెవి బాగుందంటుంది, 1, 2 డెసిబెల్స్ చాలు. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడి అన్ని ఫైళ్లనూ ఒకే మట్టానికి తెండి. మైనస్ 30 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే మోతాదును కొలిచే కొలత) పెట్టుకుంటే కీ చప్పుళ్ల మొనలు తెగిపోవడం చాలా అరుదు.

వీలైతే రెండు మైకులతో ఒకేసారి, రెండు చానెళ్లలో రికార్డు చెయ్యండి. వేళ్లు ఏ రెండుసార్లూ ఒకేలా కొట్టవు. కుదరకపోతే ఒకే వాక్యం, ఒకే వేగం. నేను "కడప నుంచి ప్రొద్దుటూరు, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు" అని ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో కొడతాను. అందులో పొల్లు డి కీ మీద ఉంటుంది కాబట్టి ఒత్తు వచ్చినప్పుడల్లా అదే కీ మోగుతుంది. పోల్చడానికి మంచి గుర్తు.

ఫైళ్లకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టి తమ్ముడికిచ్చాను. వాడు బాగుందన్నది మా పాత ఫోను రికార్డింగు. నేను అప్పు చేసి కొన్న మైకు మూడోది వచ్చింది. ఫోను స్పీకర్లో కాకుండా తీగ హెడ్‌ఫోన్లలో మళ్లీ వినమన్నాను. మూడోది రెండోదైంది, అంతే.

సమస్య: కీ వదిలాక "టింగ్" మంటోంది

ఇప్పుడు కీబోర్డు వంతు. మైకు తీసేసి, చెవి కీల దగ్గర పెట్టి ఆ ఒక్క కీనే కొట్టండి. చెవికి కూడా వినిపిస్తే అది స్విచ్‌లోని స్ప్రింగు. లోపల కొద్దిగా లూబ్ (జారుడు కోసం రాసే జిడ్డు) రాస్తే తగ్గుతుంది. స్పేస్ బార్ గలగలలాడితే దాని కింద, పొడవాటి కీని రెండు వైపులా సమంగా దించే స్టెబిలైజర్ తీగ వదులుగా ఉంది, తీగ చివర్లకు చిక్కటి గ్రీజు పెట్టండి. చెవికి వినిపించకుండా మైకులో మాత్రమే "టింగ్" వస్తుంటే కీబోర్డు విప్పకండి. మైకు స్టాండు మీద వేలుతో కొట్టి చూడండి. మాది అదే మోగింది. స్ప్రింగుల చెయ్యి ఉన్న స్టాండు, ఆ స్ప్రింగుల మధ్య గుడ్డపీలిక ఒకటి దూర్చాక ఆగింది.