ఊపిరితిత్తిది తప్పా, ఊదడంలో తప్పా? స్పైరోమెట్రీ సమస్యలు - పరిష్కారాలు

రోగి సగం ఊది ఆపేసినా, ఊదిన గాలి ఎంతో, ఎంత వేగంగా వచ్చిందో కొలిచే స్పైరోమెట్రీ మిషను ఏ మొహమాటం లేకుండా అంకెలు అచ్చువేసి ఇస్తుంది. అందుకే పరీక్ష చేసేవారు శాతాల జోలికి పోకముందు రెండు బొమ్మలు చూడాలి. గాలి వేగాన్ని చూపే ఫ్లో-వాల్యూమ్ వలయం ఒకటి, సెకన్లు గడిచేకొద్దీ ఎంత గాలి వచ్చిందో చూపే గీత రెండోది.

వలయం కొన మొనదేలలేదు, గుండ్రంగా ఉంది

రోగి తటపటాయిస్తూ మొదలుపెట్టి ఉంటారు, లేదా బూర ఊదినట్టు బుగ్గలు పూరించి ఉంటారు. మాటలతో ఎంత చెప్పినా ఇది పోదు, మీరే ఒకసారి ఊది చూపించండి. నిండా పీల్చాక రెండు సెకన్లకు మించి ఆగనివ్వకుండా, ‘ఊదండి!’ అని గట్టిగా అనాలి. బయట వరుసలో కూర్చున్నవారు లోపల ఎవరినో తిడుతున్నారనుకుంటారు, అనుకోనివ్వండి.

ఎన్నిసార్లు ఊదినా కొన ఒకే తీరుగా బల్లపరుపుగా వస్తుంటే మాత్రం రోగిని తప్పు పట్టకండి. గొంతులోనో శ్వాసనాళంలోనో ఇరుకు ఉండవచ్చు. ఆ బొమ్మను డాక్టరుకు విడిగా చూపించాలి.

ఎఫ్‌వీసీ తక్కువ, నిష్పత్తి మాత్రం బాగుంది

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఒకరికి మొదటి సెకనులో వచ్చే గాలి, అంటే ఎఫ్‌ఈవీ1, 1.5 లీటర్లు అనుకుందాం. చివరి వరకు ఊదితే మొత్తం, అంటే ఎఫ్‌వీసీ, 2.5 లీటర్లు వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 60 శాతం, నాళాల్లో అడ్డంకి ఉన్నట్టే. అదే మనిషి అలసిపోయి మూడో సెకనుకే ఆపేస్తే మొత్తం 2 లీటర్ల దగ్గర ఆగుతుంది, నిష్పత్తి 75 శాతానికి ఎగబాకుతుంది. అడ్డంకి మాయమైపోయి, ‘ఊపిరితిత్తులు కుంచించుకున్నాయేమో’ అన్న అనుమానం రిపోర్టుకెక్కుతుంది.

గీత చదునయ్యేవరకు ‘ఇంకా, ఇంకా, ఇంకా’ అంటూనే ఉండండి. చివరి సెకనులో పెరుగుదల 25 మిల్లీలీటర్లకు మించకపోతే చాలు, లేదా 15 సెకన్లు నిండినా సరే. ఆరు సెకన్లు అయితే చాలన్నది పాత లెక్క. కుర్రవాళ్లకు మూడు నాలుగు సెకన్లకే గీత చదునవుతుంది, వారిని పీడించి లాభం లేదు.

చివరిదాకా ఊదినా ఎఫ్‌వీసీ తక్కువే ఉంటే, కుంచించుకున్నాయని స్పైరోమెట్రీ ఒక్కదానితో తేల్చలేం. ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం కొలిచే బాడీ ప్లెథిస్మోగ్రఫీ వంటి పరీక్ష కావాలి.

ఒక్కోసారి ఒక్కో అంకె

పెదవుల పక్కనుంచి గాలి కారుతుండవచ్చు, నాలుక గొట్టానికి అడ్డుపడి ఉండవచ్చు, మొదటి సెకనులోనే దగ్గు వచ్చి ఉండవచ్చు. ముక్కుకు క్లిప్పు పెట్టండి. కట్టుడు పళ్లు వదులుగా ఉంటేనే తీయించండి, బిగువుగా ఉంటే వాటితోనే పెదవులు బాగా మూసుకుంటాయి. సరైన ప్రయత్నాలు కనీసం మూడు ఉండాలి, వాటిలో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు ఉండాలి. ఎనిమిదోసారికీ కుదరకపోతే ఆపేయండి. ప్రతిసారీ అంతకు ముందుకన్నా తగ్గుతూ పోతుంటే అది అలసట కావచ్చు. ఆస్తమా ఉన్నవారికి గట్టిగా ఊదడం వల్లే నాళాలు బిగుసుకుంటాయి కూడా.

పొద్దుటి నుంచి అందరికీ తక్కువే

అప్పుడు అనుమానం మిషను మీద. మూడు లీటర్ల సిరంజితో రోజూ మెల్లగా, మధ్యస్థంగా, వేగంగా మూడు తీరుల్లో నెట్టి చూడాలి. అంకె 2.91కీ 3.09కీ మధ్య ఉండాలి. లేకపోతే సెన్సారులో తడి, కళ్లె చేరాయేమో, గది ఉష్ణోగ్రత సరిగా నమోదైందో లేదో చూడండి. ఊదడం ఆగినా గీత ఎక్కుతూనే ఉంటే గాలి లేనప్పుడు సున్నా చూపేలా సరిచేసే సమయంలో సెన్సారు కదిలిందన్నమాట.

ఎత్తును చెప్పులు విప్పించి కొలవాలి. గూని ఉన్నవారికి చేతులు రెండువైపులా చాపించి ఆ పొడవు తీసుకోవాలి. పోల్చి చూడడానికి యూరోపియన్ల ప్రమాణాలు ఎంచుకున్న మిషనులో మనవాళ్లు ఆరోగ్యంగా ఉన్నా తక్కువే కనిపిస్తారు.

మందు ఇచ్చాక కూడా తేడా రాలేదు

నాళాలు తెరుచుకునే మందు పీల్పించి మళ్లీ ఊదిస్తాం కదా, రోగి ముందే ఆ మందు వాడి ఉంటే తేడా కనిపించదు. ‘ఈ రోజు మందు వేసుకున్నారా?’ అంటే లేదంటారు. చాలామందికి మందు అంటే మాత్రే. ఇన్‌హేలర్‌ను చేత్తో చూపించి అడగండి. అలాంటి మందైన సాల్బుటమాల్ పీల్చి నాలుగు గంటలైనా, ఎక్కువసేపు పనిచేసే ఫార్మోటెరాల్ అయితే 24 గంటలైనా గడవాలి. అయితే ఎవరూ సొంతంగా మందు మానకూడదు, డాక్టరు చెబితేనే. పరీక్షలో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల పఫ్‌లు నాలుగు, వీలైతే ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టంతో ఇచ్చి, 15 నిమిషాలు ఆగండి. రద్దీ ఉందని ఐదు నిమిషాలకే పిలిస్తే ఫలితం తప్పుతుంది.

కళ్లు తిరుగుతున్నాయి

చేతులున్న కుర్చీలోనే కూర్చోబెట్టి ఊదించండి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య ఊపిరి తీసుకోనివ్వండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, వారంలోపు కంటి ఆపరేషను అయినా, దగ్గులో రక్తం పడుతున్నా మిషను ముందు కూర్చోబెట్టకుండా ముందు డాక్టరును అడగాలి. క్షయ అనుమానం ఉంటే కళ్లె పరీక్ష ఫలితం వచ్చేదాకా వాయిదా వేయండి.