క్రియాశీల భ్రంశాన్నీ, నేల ద్రవీకరణనూ సీస్మిక్ సర్వేతో పరిశీలించే విధానం

ఒండ్రు మేటల కింద దాగిన భ్రంశం (నేల పొరలు తెగి జారిన పగులు) ఇటీవల కదిలిందా, దాని పక్కనున్న ఇసుక నేల భూకంపంలో ద్రవంలా మారుతుందా అన్నవి రెండు ప్రశ్నలు. రెంటికీ ఆధారాలు పైనున్న కొద్ది పదుల మీటర్లలోనే దొరుకుతాయి కాబట్టి సర్వే రేఖ ఒకటే సరిపోతుంది. కొలతలు మాత్రం వేర్వేరుగా తీసుకోవాలి.

రేఖను భ్రంశం సాగే దిశకు లంబంగా, దానికి రెండు వైపులా తగినంత దూరం పరచాలి. ఏటవాలుగా వేస్తే భ్రంశతలం వాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. పరావర్తన సర్వేకు, అంటే నేలలోకి పంపిన తరంగాలు పొరల నుంచి తిరిగి రావడాన్ని నమోదు చేసే పద్ధతికి, పి-తరంగాలు (నేలను ముందుకూ వెనక్కూ నొక్కుతూ సాగేవి) తేలికే గానీ, లోతు తక్కువైన చోట నేను ఎస్-తరంగాలనే (నేలను అడ్డంగా ఊపుతూ సాగేవి) ఎంచుకోమంటాను. నీటితో నిండిన మట్టిలో పి-తరంగం సెకనుకు 1600 మీటర్ల వేగంతో, 100 హెర్ట్జ్ వద్ద ప్రయాణిస్తే తరంగదైర్ఘ్యం 16 మీటర్లు. అదే మట్టిలో 200 మీటర్ల వేగం గల ఎస్-తరంగానికి 50 హెర్ట్జ్ వద్ద కూడా 4 మీటర్లే. పొరలను విడదీసి చూడగల హద్దు తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు కనుక, మొదటిది 4 మీటర్ల మందాన్ని, రెండవది 1 మీటరు మందాన్ని చూపగలదు.

ఎస్-తరంగాలను పుట్టించడానికి ఒక దళసరి చెక్క దూలాన్ని రేఖకు అడ్డంగా నేలపై పెట్టి, వాహనం చక్రాలతో అదిమి, ముందు ఒక కొసన, తర్వాత రెండో కొసన సమ్మెటతో కొట్టాలి. రెండు రికార్డులను ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే, దిశ మారిన ఎస్-తరంగాలు బలపడి, మారని పి-తరంగాలు చాలావరకు కొట్టుకుపోతాయి.

పరావర్తన సర్వే ఇచ్చే చిత్రంలో పొరల తెగుదల లోతుకు వెళ్లేకొద్దీ పెరుగుతుంటే భ్రంశం పదేపదే కదిలిందని అర్థం. ఎప్పుడు కదిలిందో మాత్రం సర్వే చెప్పదు. అందుకు కందకం తవ్వి, తెగిన పొరల వయసు కట్టాలి.

ద్రవీకరణకు 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు (నేల కంపనాలను పట్టే పరికరాలు) 24 వరుసగా నాటి, ఉపరితల తరంగాలను నమోదు చేసి, వాటి నుంచి లోతువారీ ఎస్-వేగాన్ని రాబట్టాలి. ఈ గణన పొరలు సమతలంగా ఉన్నాయన్న ఊహపై నడుస్తుంది కాబట్టి వరుసను భ్రంశం మీదుగా పరచకూడదు, ఇరువైపులా విడిగా పరచాలి. పి-వేగం ఒక్కసారిగా సెకనుకు 1500 మీటర్ల దాపుకు చేరిన లోతు నుంచి నేల నీటితో నిండిందని లెక్క. ఆ కింద శుభ్రమైన ఇసుకలో ఎస్-వేగాన్ని పైమట్టి పీడనానికి సవరించి 100 కిలోపాస్కల్ స్థాయికి తెచ్చాక, అది సెకనుకు సుమారు 215 మీటర్లు దాటితే ద్రవీకరణ జరగదనే భావిస్తారు. తగ్గితే బోరు వేసి మట్టి నమూనా తీయాల్సిందే, ఎందుకంటే వదులు ఇసుకకూ మెత్తని బంకమన్నుకూ ఎస్-వేగం ఒకేలా ఉండవచ్చు.