ఫ్లానెల్ సూట్ కుట్టించుకోవాలంటే గుడ్డ, రంగు ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

లండన్, లీడ్స్, టొరంటో, న్యూజెర్సీ, ఇలా చలి ఊళ్లలో ఉంటున్న మనవాళ్లు చాలామంది ఇండియా నుంచి తెచ్చుకున్న పల్చటి సూట్‌నే నవంబర్లో కూడా వేసుకుని, పైన పెద్ద జాకెట్ తగిలించుకుని తిరుగుతుంటారు. ఆ చలికి అసలైన గుడ్డ ఫ్లానెల్. వెచ్చగా ఉంటుంది, మెరవదు, భుజం మీంచి ఒంటి మీదకి చక్కగా జారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బాగా కూర్చుంటుంది. అయితే చాలామంది రంగు ముందు చూసి గుడ్డ తర్వాత చూస్తారు, అక్కడే తేడా కొడుతుంది. ముందు బరువు, తర్వాత గుడ్డ రకం, చివర్లో రంగు, ఈ వరసలో వెళ్లండి.

ఇంకోటి, మన షాపుల్లో చంటిపిల్లలకి కొనే మెత్తటి కాటన్ ఫ్లానెల్, గళ్ల చొక్కాల ఫ్లానెల్ వేరు. సూట్‌కి కావాల్సింది ఉన్ని గుడ్డ.

ముందు ఎక్కడ వేస్తారో తేల్చుకోండి

ఫ్లానెల్ బరువుని ఇంగ్లీష్ మిల్లులు గజం గుడ్డకి ఔన్సుల్లో చెప్తాయి, ఇటలీ వాళ్లు మీటర్‌కి గ్రాముల్లో. 9, 10 ఔన్సులంటే సుమారు 280 నుంచి 310 గ్రాములు, ఇది పల్చన, రోజంతా హీటర్ వేసి ఉండే ఆఫీసులో కూర్చునేవాళ్లకి ఓకే కానీ ఫ్లానెల్‌కి ఉండాల్సిన ఆ నిండుతనం దీంట్లో రాదు, ముడతలు కూడా ఎక్కువ. 11 నుంచి 13 ఔన్సులు, అంటే 340 నుంచి 400 గ్రాములు, మొదటి సూట్‌కి నేనైతే కళ్లు మూసుకుని ఇదే చెప్తా. 14 దాటితే బయట ఎక్కువ నడిచేవాళ్లకి, రైలు ప్లాట్‌ఫామ్ మీద నిలబడేవాళ్లకి బాగుంటుంది, లోపల కూర్చుంటే మాత్రం ఉక్కపోత.

ఇక్కడ ఒక మెలిక ఉంది జాగ్రత్త. ఈ గ్రాములు మామూలుగా పూర్తి పన్నా ఉన్న ఒక మీటర్ గుడ్డకి చెప్పే లెక్క, పన్నా దాదాపు 150 సెంటీమీటర్లు. జీఎస్ఎం అంటే చదరపు మీటర్‌కి. 12 ఔన్సుల గుడ్డ మీటర్‌కి 370 గ్రాములు తూగితే జీఎస్ఎంలో అదే 250 దగ్గర వస్తుంది. ఆన్‌లైన్లో 250 అని చూసి అయ్యో పల్చన అనుకుని వదిలేయకండి, ఏ లెక్కో అడిగి కనుక్కోండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేసుకుందామనుకుంటే నేను వద్దనే చెప్తా. డిసెంబర్ పొద్దున్నే ఓ రెండు గంటలు బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో భరించలేరు. అక్కడికి గట్టి పురి పెట్టిన పల్చటి ఉన్ని గుడ్డ తీసుకోండి. జనవరిలో ఢిల్లీ, చండీగఢ్ పెళ్లిళ్లకైతే ఫ్లానెల్ భేషుగ్గా ఉంటుంది.

గుడ్డలో రెండు రకాలు

వూలెన్ ఫ్లానెల్, వర్‌స్టెడ్ ఫ్లానెల్ అని టైలర్ దగ్గర ఉండే బంచ్‌లో, అంటే గుడ్డ శాంపిల్ ముక్కల పుస్తకంలో, రెండూ కనిపిస్తాయి. వూలెన్‌లో ఉన్నిని ఏకి, పోగులు అటూ ఇటూ చిందరవందరగా ఉండగానే దారం వడుకుతారు, వాటి మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి అంత వెచ్చగా ఉంటుంది. వర్‌స్టెడ్‌లో దువ్వి పోగులన్నీ ఒక వైపుకి సర్ది వడుకుతారు, దారం నున్నగా గట్టిగా వస్తుంది. నేశాక ఏ రకమైనా తడిపి సబ్బుతో నలిపి దగ్గరపడేలా చేస్తారు, ఆ తర్వాత పైన నూగు లేపుతారు. వూలెన్‌లో నేత గీతలు దాదాపు కనపడవు, వర్‌స్టెడ్‌లో దగ్గరగా చూస్తే నూగు కింద కాస్త కనపడతాయి.

అందం వూలెన్‌దే, అందులో నాకు డౌట్ లేదు. కానీ మోకాళ్ల దగ్గర త్వరగా ఉబ్బుతుంది, తొడల లోపలి వైపు త్వరగా అరుగుతుంది. వారానికి రెండు మూడు సార్లు వేసేవాళ్లు, ఎక్కువ డ్రైవింగ్ చేసేవాళ్లు వర్‌స్టెడ్ ఫ్లానెల్ తీసుకోవడం మంచిది. అప్పుడప్పుడు మాత్రమే వేస్తామంటే వూలెన్‌కే వెళ్లండి. మిల్లుల పేర్లు అడిగితే, ఇంగ్లండ్ సోమర్‌సెట్‌లోని వెల్లింగ్టన్‌లో 1772 నుంచి ఉన్న ఫాక్స్ బ్రదర్స్‌కి ఫ్లానెల్ అంటేనే పేరు. ఇటలీ బియెల్లా ప్రాంతంలోని వితాలే బార్బెరిస్ కానోనికో చరిత్ర 1663 దాకా వెళ్తుంది, వాళ్ల ఫ్లానెల్ చాలామంది టైలర్ల దగ్గర దొరుకుతుంది. సూపర్ 120, సూపర్ 150 అనే నంబర్లు చూసి మాత్రం మోసపోకండి, అది ఉన్ని పోగు ఎంత సన్నమో చెప్పే అంకె, ఫ్లానెల్‌కి పోగు మరీ సన్నమైతే పట్టుకుంటే మెత్తగానే ఉంటుంది గానీ ప్యాంట్ షేప్ నిలవదు.

గుడ్డని చేత్తో చూడండి. ఒక మూల గుప్పిట్లో గట్టిగా నలిపి కాసేపు పట్టుకుని వదిలేయండి, మంచి ఫ్లానెల్ అయితే ముడతలు మెల్లగా వాటంతటవే విచ్చుకుంటాయి. బొటనవేలితో ఒకేచోట రుద్దండి, అప్పుడే ఉండలు కట్టడం మొదలైతే ఇక కుట్టించాక సంగతి చెప్పనక్కర్లేదు. పాలిస్టర్ కలిసిందేమో అని అనుమానముంటే అంచు నుంచి ఒక దారం లాగి కాల్చి చూడండి (బయట, జాగ్రత్తగా): ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కుట్టుకూలి ఎలాగూ ఒకటే కదా, గుడ్డ దగ్గర డబ్బులు మిగిల్చుకోవాలని చూడకండి.

ఇప్పుడు రంగు

మొదటి ఫ్లానెల్ సూట్ మిడ్ గ్రే తీసుకోండి. మరీ లేత కాదు, చార్‌కోల్ (బొగ్గులాంటి ముదురు గ్రే) కాదు, ఆ మధ్యది. ఎందుకంటే ఈ గుడ్డ గొప్పతనం గ్రేలో కనిపించినంతగా వేరే రంగులో కనిపించదు. నేసిన గుడ్డని ఒకే గ్రే రంగులో ముంచి తీయరు, వడకడానికి ముందే తెల్ల పోగులు, నల్ల పోగులు కలుపుతారు. ముక్కని కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి, తెలుపు, నలుపు, కొన్నిట్లో సన్నగా నీలం పోగులు కూడా విడివిడిగా కనిపిస్తాయి, దూరం జరిపితే అన్నీ కలిసి గ్రే అవుతాయి. ఆ లోతు వల్లే మన చామనఛాయ ఒంటికి ఇది అంత బాగా నప్పుతుంది. పైగా ఈ ప్యాంట్‌ని విడిగా నేవీ బ్లేజర్ కిందకి, స్వెటర్ కిందకి కూడా వేసుకోవచ్చు.

చార్‌కోల్ ఇంటర్వ్యూలకి, సీరియస్ మీటింగులకి బాగుంటుంది, కాకపోతే నూగు మీద దుమ్ము, తెల్ల దారాలు, పెంపుడు కుక్క వెంట్రుకలు అన్నీ కనిపిస్తాయి. నేవీ బాగుంటుంది కానీ ఇప్పటికే ఒక నేవీ సూట్ ఉంటే రెండోది తీసుకుని లాభం లేదు. బ్రౌన్ వీకెండ్‌కి చాలా అందం, లండన్ బ్యాంకింగ్ ఆఫీసుల్లో బ్రౌన్ సూట్‌ని కాస్త తక్కువగా చూసే పాత అలవాటు ఇంకా కొంతమందికి పోలేదు, అది గుర్తుపెట్టుకోండి. చాక్ స్ట్రైప్, అంటే టైలర్ సుద్దతో గీసినట్టుండే మెత్తటి చారలు, ఫ్లానెల్ మీద తప్ప ఇంకెక్కడా అంత బాగుండవు. కానీ కోటు, ప్యాంటు విడదీసి వేయలేరు, అందుకే అది రెండో సూట్‌కి ఉంచుకోండి.

రంగు షాపు లైట్ల కింద ఫైనల్ చేయకండి. అమ్మలు పట్టుచీర కొనేప్పుడు షాపు గుమ్మం దాకా తీసుకెళ్లి వెలుతురులో చూస్తారే, సరిగ్గా అలాగే చేయండి. గడ్డం కింద పెట్టుకుని అద్దంలో చూడండి, మొహం పాలిపోయినట్టు అనిపిస్తే ఒక షేడు మార్చండి. సాయంత్రం ఇంట్లో బల్బు కింద కూడా ఓసారి చూడాలి, పగలు నేవీగా ఉన్నది రాత్రి నల్లగా కనిపించొచ్చు. అగ్గిపెట్టంత ముక్క చూసి ఆర్డర్ ఇవ్వొద్దు, చిన్న ముక్కలో డార్క్‌గా అనిపించిన గ్రే పూర్తి సూట్ అయ్యాక ఇంకాస్త లైట్‌గా కనిపిస్తుంది, అందుకని టైలర్‌ని అడిగి పెద్ద ముక్క తెప్పించుకోండి.

ఆర్డర్ ఇచ్చేప్పుడు

గుండీలు ముదురు గోధుమ రంగు కొమ్ము గుండీలు, గ్రే మీద అవే బాగుంటాయి. లైనింగ్ గుడ్డ రంగులోనే ఉండాలి, పాలిస్టర్ వద్దు, క్యూప్రో (పత్తి నుంచి చేసే పట్టులాంటి నున్నటి లైనింగ్ గుడ్డ) అడగండి, చెమట పట్టినా అంటుకోదు. ప్యాంట్‌కి ముందు వైపు మోకాలు దాటేదాకా లైనింగ్ వేయించండి, మోకాళ్లు ఉబ్బడం చాలా తగ్గుతుంది, తొడల దగ్గర కొంచెం వదులు కూడా పెట్టించండి.

రెండు ప్యాంట్లు కుట్టించండి, ఇది మాత్రం వదలొద్దు, ఎందుకంటే కోటు బాగానే ఉంటుంది ముందు పోయేది ప్యాంటే. మామూలు ఒడ్డూ పొడవుకి కోటు, ప్యాంటు కలిపి మూడు నుంచి మూడున్నర మీటర్లు పడుతుంది, రెండో ప్యాంట్‌కి ఇంకో 1.3 మీటర్ల దాకా, పొడుగ్గా ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఆ గుడ్డంతా ఒకే తానులోంచి ఒకేసారి కోయించమని చెప్పండి, ఆరు నెలల తర్వాత అదే నంబర్ గుడ్డ తెప్పించినా వేరే సరుకు రావొచ్చు, అప్పుడు కోటుకీ ప్యాంట్‌కీ షేడు కలవదు.