పగిలిన కుండలో తప్పు ఎక్కడ జరిగింది?

కుండ పగిలితే ముందు తిట్లు తినేది బట్టీ. చాలాసార్లు దానికి ఏ పాపం తెలియదు, లోపం అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది. అందుకే ముక్కల్ని పారెయ్యకుండా పగులు అంచు చూడండి. గ్లేజ్, అంటే కుండ మీది గాజులాంటి పూత, ఆ అంచు మీదికి కరిగి నున్నగా గుండ్రబడితే, గ్లేజ్ కరగకముందే అది చీలినట్టు. కత్తిలా పదునుగా ఉంటే చల్లారేటప్పుడు చీలినట్టు.

అడుగున ‘ఎస్’ ఆకారపు చీలిక

సారె మీద గోడలు లేపుతుంటే అక్కడి మట్టి వేళ్ల మధ్య నలిగి బిగుస్తుంది. అడుగుకు ఆ ఒత్తిడి అందదు, పైగా నీళ్లు నిలుస్తాయి. అంచు ముందే ఆరిపోతుంది, అడుగు ఆలస్యంగా కుదించుకుంటూ నడిమికి విచ్చుకుంటుంది. మట్టిని తెరవగానే అడుగును వేలితోనో చెక్కముక్కతోనో అంచు నుంచి మధ్యకి గట్టిగా అదమండి, ఒకసారితో సరిపెట్టకండి. నీళ్లు స్పాంజ్‌తో పీల్చెయ్యండి. అంచు వంగనంత గట్టిపడ్డాక బోర్లించండి. చీలికను బురదతో పూడ్చి కాల్చడం దండగ, మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది.

బట్టీలో పేలిపోవడం

గాలి బుడగ వల్లనే అంటారు గానీ అసలు దోషి తేమ. 100 డిగ్రీల సెల్సియస్ దాటగానే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి దొరక్క కుండను బద్దలు కొడుతుంది. పచ్చి కుండను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. మందపాటి వస్తువులైతే 80-90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలిపి, తర్వాతే వేడి పెంచండి.

పదునైన అంచుతో నిలువు పగులు

573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది. ఆ దశ నెమ్మదిగా దాటాలి. బట్టీని తొందరపడి తెరవకండి, ఆత్రం అందరికీ ఉంటుంది!

పిడి ఊడటం

కుండ ఆరిపోయి పిడి తడిగా ఉంటే ఇంతే. రెండూ ఒకే తడిలో ఉండగా అతికే చోట గీతలు గీసి, చిక్కటి మట్టినీళ్లతో అతికించి, ప్లాస్టిక్ కప్పి నిదానంగా ఆరబెట్టండి.

గ్లేజ్ మీద వెంట్రుకంత గీతలు

చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టికన్నా ఎక్కువ కుదించుకుంటోందన్నమాట. నెమ్మదిగా చల్లార్చినా గీతలు ఆలస్యమవుతాయే తప్ప ఆగవు. గ్లేజ్‌లో సిలికా (ఇసుకలో ఉండే, గాజుకు మూలమైన పదార్థం) కొంచెం కొంచెంగా పెంచుతూ చిన్న పలకల మీద పరీక్షించండి. గ్లేజ్ పెచ్చులుగా రాలుతుంటే ఇది తలకిందులైన సమస్య: సిలికా తగ్గించాలి. అలా రాలే గిన్నెలో తిండి పెట్టుకోకండి, ఆ పెచ్చులు గాజుముక్కలే.

గ్లేజ్ ముడుచుకుని మట్టి బయటపడటం

దుమ్మో, చేతి జిడ్డో. తొలి కాల్పు అయ్యాక తడి స్పాంజ్‌తో తుడిచి, ఆరాక గ్లేజ్ పూయండి. పూత మరీ మందమైనా ఇదే గతి.

కుమ్మరికే నడుం నొప్పి, పొడి దగ్గు

మోచేతుల్ని తొడలకు ఆనించి పనిచేయండి, సారె ఎత్తు సరిచూసుకోండి. ఎండిన మట్టిని చీపురుతో ఊడవకండి. అందులోని సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నేలను తడిబట్టతో తుడవండి, గ్లేజ్ పొడులు కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు మీ పనేమిటో కూడా చెప్పండి.